రుతువుల్ని పిల్లల చేతికిద్దాం

మన హేతువాద మిత్రుల ఇళ్లలో ఏటా వినిపించే ప్రశ్న ఒకటుంది. "పండగలు, పూజలు వద్దంటారు సరే. మరి పిల్లలకు వాటి బదులు ఏమిస్తారు?" అని. అడిగేది సాధారణంగా ఇంట్లో ఆడవాళ్లు. జవాబు చెప్పాల్సిన మనం ఏదో పుస్తకం పేరు చెప్పి తప్పించుకుంటాం. నా మటుకు నాకు ఇది చాలా న్యాయమైన ప్రశ్న. వీధిలో పిల్లలంతా రంగు కాగితాలు, మట్టి, దారం పట్టుకుని తిరుగుతుంటే మన పిల్లవాణ్ని గదిలో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇస్తే వాడు హేతువాది కాడు. మన మీద కోపం ఉన్న పిల్లవాడు అవుతాడు, అంతే.

నేను పండితుణ్ని కాను. బి.కాం. చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో జమాఖర్చులు చూసి రిటైరైన మనిషిని. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర మనుషులు అలాగే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మేం ఉండేది పూరీ గేట్‌లో. ఇక్కడి తెలుగు పిల్లలకు పండగలు రెండింతలు. సంక్రాంతి, వినాయకచవితి ఇంట్లోంచి వస్తాయి. సరస్వతీ పూజ, విశ్వకర్మ పూజ, దుర్గా పూజ వీధిలోంచి వస్తాయి. నాకు ఏడేళ్ల మనవడు, అయిదేళ్ల మనవరాలు ఉన్నారు. ఏడాది పొడుగునా ఏదో ఒక పండగ వాళ్లను పిలుస్తూనే ఉంటుంది.

నేను పట్టుకున్న దారి ఇది. పండగ వేరు, రుతువు వేరు. పండగకు ఒక దేవుడు, ఒక కథ, ఒక పురోహితుడు ఉంటారు. రుతువుకు ఎవరూ లేరు. భూమి తన ఇరుసు మీద ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది, కాబట్టి ఎండ, వాన, చలి వస్తాయి. ఆ రుతువులో దొరికే వస్తువుతో, ఆ రుతువును చూపించే బొమ్మ ఒకటి పిల్లల చేత చేయిస్తే చాలు. పండగ సరదా దానంతటదే వస్తుంది.

చలికాలంతో మొదలుపెడదాం. మా ఇంట్లో అన్నిటికంటే పాత బొమ్మ నీడ పుల్ల. ఒక చెక్క పలక, దాని మీద నిలువుగా బిగించిన 30 సెంటీమీటర్ల వెదురు బద్ద. పుల్ల నిటారుగా ఉందో లేదో చూడడానికి దారానికి కట్టిన ఒక నట్టు. ఇంతే సామాను. డాబా మీద ఎండలో పెట్టి, మధ్యాహ్నం అన్నిటికంటే పొట్టిగా ఉన్న నీడను పిల్లలు స్కేలుతో కొలిచి పుస్తకంలో రాస్తారు. గడియారంలో 12 అయ్యేదాకా ఆగకూడదు. మన దేశం టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, ఖరగ్‌పూర్ 87.3 డిగ్రీల దగ్గర ఉంది. మాకు సూర్యుడు నడినెత్తికి రావడం 12కి పది, ఇరవై నిమిషాల ముందే అయిపోతుంది. ఈ సంగతి కూడా పిల్లలు నీడను చూసే కనిపెట్టారు.

డిసెంబరు 22 ప్రాంతంలో మా పుల్ల నీడ దాదాపు 31 సెంటీమీటర్లు. అంటే నీడ పుల్ల కంటే కాస్త పొడవు. జనవరి 14న 28న్నర. మార్చి 21న 12 చిల్లర. ఇప్పుడు చూడండి. ఉత్తరాయణం సంక్రాంతితో మొదలవుతుందని ఇంటిల్లిపాదీ చెబుతారు. పుల్ల మాత్రం సంక్రాంతికి మూడు వారాల ముందే నీడ తగ్గడం మొదలైందని చెబుతోంది. మా మనవడు పుస్తకం పట్టుకుని వచ్చి, "తాతా, సంక్రాంతి లేటుగా వచ్చిందా?" అని అడిగాడు. అడిగింది వాడు, నేను కాదు. నాకు కావలసింది అదే.

కారణం చిన్నదే. మకర సంక్రాంతిని నక్షత్రాలను బట్టి లెక్కకడతారు. రుతువులు నడిచేది ఇరుసు వాలును బట్టి. ఆ ఇరుసు బొంగరం తలలా దాదాపు 26 వేల ఏళ్లకు ఒక చుట్టు ఊగుతుంది. అందువల్ల రెండింటి మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక రోజు తేడా పడుతుంది. వివేకానందుడు పుట్టిన 1863లో సంక్రాంతి జనవరి 12న వచ్చింది. ఇప్పుడు 14న గానీ 15న గానీ వస్తోంది. రెండూ కలిసి ఉన్నది ఎప్పుడో 1700 ఏళ్ల కిందట. అయిదేళ్ల పిల్లకు ఇదంతా అక్కర్లేదు. 31 కంటే 28న్నర తక్కువ అని తెలిస్తే చాలు.

ఇక్కడ లెక్కల మనిషిగా ఒక మాట చెప్పాలి. ఖాతాకు రెండు వైపులు ఉంటాయి. ఒక వైపు మాత్రమే రాసిన పుస్తకాన్ని ఏ ఆడిటరూ ఒప్పుకోడు. మూఢనమ్మకం బతికేది సరిగ్గా అలాంటి పుస్తకం మీదే. మొక్కుకుంటే తగ్గిన జ్వరం రాస్తారు. మొక్కుకున్నా తగ్గని జ్వరం రాయరు. మొక్కుకోకుండా తగ్గిన జ్వరం అసలే రాయరు. కాబట్టి నేను పిల్లల చేత చేయించే బొమ్మలన్నిటికీ వెనక ఒక నోటుపుస్తకం ఉంటుంది. అందులో జరిగిందీ రాయాలి, జరగందీ రాయాలి. ఈ అలవాటు ఎందుకు పనికొస్తుందో మా ఇంట్లో ఒక వసంతకాలంలో తెలిసింది.

బెంగాలీలో వసంతం అన్న మాటకు రెండు అర్థాలు. ఒకటి రుతువు, రెండోది మశూచి. ఆ జబ్బులు ఎక్కువగా వచ్చే కాలం అది. మనవాళ్లు ఆటలమ్మ అంటారు, ఇక్కడివాళ్లు శీతలా దేవి అంటారు. ఒక మార్చి నెలలో మా మనవరాలికి ఒంటి నిండా పొక్కులు లేచాయి. డాక్టరు చూసి చికెన్‌పాక్స్ అన్నాడు. గోళ్లు కత్తిరించమన్నాడు, స్నానం చేయించవచ్చన్నాడు, పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా బడికి పంపవద్దన్నాడు. మా ఆవిడ గుమ్మానికి వేపమండలు కట్టింది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు, నేను ఏమీ అనలేదు.

ఒక రోజు చూడవచ్చిన ఒకావిడ మంచం పక్కనే నిలబడి, "ఇంట్లో పెద్దవాడు నమ్మకపోతే అమ్మవారు ఊరుకుంటుందా?" అని వెళ్లింది. మా కోడలు మొహం మాడిపోయింది. రాత్రి పిల్ల నన్ను అడిగింది. "తాతా, నీ మీద కోపంతో అమ్మవారు నాకు ఇచ్చిందా?"

వైరస్ గురించి చెప్పవచ్చు. అయిదేళ్ల పిల్లకు వైరసూ కనపడదు, అమ్మవారూ కనపడదు. రెండూ పెద్దవాళ్లు చెప్పే మాటలే. ఎవరి మాట నమ్మాలి? తాత మాట నమ్మమని అడిగితే నేనూ ఆవిడా ఒకటే అవుతాం. అందుకని మర్నాడు అట్టముక్కతో ఒక పాప బొమ్మ కత్తిరించాం. పాత క్యాలెండరు చించి గోడకు అంటించాం. ఎర్ర కాగితం చుక్కలు చేసుకున్నాం. రోజూ ఎడమ చేతి మీద కొత్తగా లేచిన పొక్కులు ఎన్ని ఉంటే బొమ్మ చేతికి అన్ని చుక్కలు అంటించాలి. చెక్కు కట్టినవాటి మీద గోధుమరంగు చుక్క వేయాలి. మూడు నాలుగు రోజులకు కొత్త ఎర్ర చుక్కలు ఆగిపోయాయి. తర్వాత ఒక్కొక్కటీ గోధుమరంగులోకి మారాయి. గోక్కోవాలనిపించినప్పుడల్లా పిల్ల వెళ్లి బొమ్మను చూసుకునేది.

తర్వాత క్యాలెండరు మీద వెనక్కి లెక్కపెట్టాం. పొక్కులు లేవడానికి 15 రోజుల ముందు గడిలో ఏముంది? ఆ వారమే బడిలో పక్కన కూర్చునే పాప ఒంటి మీద మచ్చలు వచ్చి మానేసింది. ఈ జబ్బు అంటుకున్నాక బయటపడడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. మచ్చలు కనపడే ముందు ఒకటి రెండు రోజుల నుంచే పక్కవాళ్లకు అంటుతుంది. మా పిల్లకు పొక్కులు వచ్చే ముందు రోజు సాయంత్రం కూడా పక్కింటి అబ్బాయితో ఆడుకుంది. నేను వాళ్లమ్మకు సంగతి ముందే చెప్పి ఉంచాను. పదహారో రోజున ఆ అబ్బాయికి పొక్కులు లేచాయి. పిల్ల తనే వెళ్లి ఆ గడిలో చుక్క అంటించింది. అది రెండు పూటలా దీపం పెట్టే ఇల్లు. పిల్ల చాలాసేపు క్యాలెండరు ముందు నిలబడి, "వాళ్ల తాత మీద కూడా కోపమా?" అంది. తర్వాత తనే నవ్వేసింది. నేను మాట్లాడలేదు.

ఆ రోజుల్లోనే నా జబ్బ మీది టీకా మచ్చ చూపించాను. మా తరంలో అందరికీ ఉంటుంది, నా కొడుక్కి లేదు. ఎందుకు లేదు? మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో వచ్చింది. 1977లో దేశం, 1980లో ప్రపంచం ఆ జబ్బు నుంచి బయటపడ్డట్టు ప్రకటించారు. ఇంటింటికీ తిరిగి, ఎవరికి ఎప్పుడు ఎవరి నుంచి అంటిందో రాసుకుని, చుట్టుపక్కలవాళ్లకు టీకాలు వేసి సాధించారు. మా గోడ మీది క్యాలెండరు ఆ పెద్ద పనికి పిల్లల బొమ్మ లాంటిది.

ఇక ఎండాకాలం. అన్నిట్లోనూ పాఠం వెతకనక్కర్లేదు. ముంజకాయల బండి అందుకే ఉంది. ముంజలు తినేశాక మిగిలిన రెండు కాయలకు మధ్యలో ఒక పుల్ల గుచ్చితే చక్రాలు, ఇరుసు వచ్చేస్తాయి. పంగల కర్ర ఒకటి ఇరుసుకు ఆనించి తోసుకుంటూ పోవడమే. కాయ చెక్కడం, పుల్ల మొన తీయడం పెద్దవాళ్ల పని. ఖరగ్‌పూర్ చుట్టూ తాటిచెట్లకు కరువు లేదు. బెంగాలీ పిల్లలు, మన పిల్లలు ఒకే వీధిలో బండ్లు తోస్తారు. భాష ఏదైనా చప్పుడు ఒకటే.

జూన్ మొదటి వారంలో మాత్రం నీడ పుల్లను మళ్లీ డాబా మీదకు తేవాలి. మా ఊరు కర్కటరేఖకు కాస్త దిగువన ఉంది. కాబట్టి ఏడాదిలో రెండుసార్లు, జూన్ మొదటి వారంలోనూ జులై 10కి అటూ ఇటూగానూ, మధ్యాహ్నం పుల్లకు నీడ ఉండదు. జులైలో మబ్బులు కనుక జూనే నమ్ముకోవాలి. జూన్ 21న అర సెంటీమీటరు నీడ తిరిగి వస్తుంది, అదీ దక్షిణం వైపు! హైదరాబాదు మిత్రులు మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో నీడ లేని రోజును చూడవచ్చు. ఢిల్లీవాళ్లకు ఆ భాగ్యం లేదు. నీడ మాయమైన ఆ నిమిషంలో పిల్లల మొహాలు చూడండి. ఏ దేవుడి ఊరేగింపుకూ తీసిపోదు.

వానాకాలం కాగితం పడవలది. పడవలతోపాటు ఒక వాన డబ్బా కూడా చేయించండి. అడుగు నుంచి మూతిదాకా ఒకే వెడల్పు ఉన్న ప్లాస్టిక్ డబ్బా, పక్కన అంటించిన స్కేలు కాగితం. డబ్బాను చెట్టు కింద కాకుండా ఖాళీ జాగాలో పెట్టాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. 60 చదరపు మీటర్ల డాబా మీద 25 మిల్లీమీటర్లు పడితే 1500 లీటర్లు. ఆ గుణకారం చేశాక మా మనవడు డాబా గొట్టం కింద బకెట్లు పెట్టడం మొదలుపెట్టాడు. మన ఊళ్లలో కప్పల పెళ్లి చేస్తే వానొస్తుందంటారు. చేస్తే చేయనీండి, పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి కూడా. ఇంటికొచ్చాక పెళ్లి తారీఖు వాన పుస్తకంలో రాయించండి. పెళ్లి జరిగిన వారం ఎంత పడింది, జరగని వారం ఎంత పడింది. రెండు వైపులూ రాస్తే ఎవరూ చెప్పక్కర్లేదు.

సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ. వర్క్‌షాపు ఊరు కనుక ఇక్కడ అది పెద్ద పండగ. ఆ రోజు బెంగాల్ అంతా గాలిపటాలు ఎగరేస్తారు. మా చిన్నవాళ్ల కోసం పలచటి కాగితం, రెండు కొబ్బరి ఈనెలు, అన్నం మెతుకులతో అంటించిన పటం చాలు. గుడ్డపేలికతో పొడవాటి తోక కట్టాలి. తోక గాలిని అడ్డుకుని పటాన్ని తలకిందులు కాకుండా పట్టి ఉంచుతుంది. కత్తిరించి చూపిస్తే పటం గిరగిరా తిరిగి పడుతుంది. "విశ్వకర్మ ఎగరేస్తాడట" అని వీధిలో విని వచ్చాడు మనవడు. సరే, మన హైదరాబాదులో సంక్రాంతికి ఎగరేస్తారు, గుజరాత్‌లోనూ అంతే. ఢిల్లీలో ఆగస్టు 15కి ఎగరేస్తారు. పటం అదే, దారం అదే. ఒక్కొక్క చోట ఒక్కొక్క పేరు చెప్పి ఎగరేస్తున్నారు. అన్ని చోట్లా ఉండాల్సింది మాత్రం గాలే. గాలి పడిపోయిన రోజున పటం లేవలేదని వాడి పుస్తకంలో ఉంది.

ఒక హెచ్చరిక. మామూలు నూలు దారమే ఇవ్వండి. నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అది మనుషుల గొంతులు, పక్షుల రెక్కలు కోస్తుంది. మాలాగా రైలు పట్టాల దగ్గర ఉండేవాళ్లు పటాన్ని మైదానానికి తీసుకెళ్లండి. పట్టాల మీది తీగలో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది.

వినాయకచవితి కూడా ఆ చుట్టుపక్కలే వస్తుంది. మట్టితో ఏనుగు చేయనివ్వండి. ఇంట్లో ఆడవాళ్లు దాన్ని వినాయకుడంటే పోట్లాడకండి. దానికి కుక్కనూ పిల్లినీ తోడు చేయించండి. 1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడు పాలు తాగాడు, గుర్తుందా? గుళ్ల ముందు మైళ్ల పొడుగున క్యూలు కట్టారు. అప్పట్లో శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి గుట్టు చూపించారు. మేం పసుపు నీళ్లతో చేశాం. నిండు చెంచాను తడి తొండానికి ఆనించి కాస్త వంచితే తలతన్యత వల్ల నీళ్లు తొండాన్ని పట్టుకుని సన్నటి పొరలా కిందికి జారిపోతాయి. తెల్లటి పాలైతే కనపడవు, పసుపు కనుక దారి కనపడింది. మా ఏనుగు తాగింది. కుక్కా తాగింది. చివరికి స్టీలు గ్లాసు అంచు కూడా తాగింది! మనవరాలు నవ్వి నవ్వి కిందపడింది. ఈ పిల్లకు రేపు ఇంకో విగ్రహం పాలు తాగిందని వార్త వస్తే ముందు పసుపు అడుగుతుంది.

రాజ్యాంగంలో 51ఏ అధికరణం 1976లో వచ్చింది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అంటుంది. మనం ఆ వాక్యాన్ని సభల్లో చదువుతాం. అయిదేళ్ల పౌరురాలికి అది చేరాలంటే కత్తెర, బంక, మట్టి ద్వారానే చేరాలి.

చివరగా నా అనుభవంలో తేలిన నాలుగు మాటలు. బొమ్మ పిల్లలే చేయాలి, వంకరగా ఉన్నా సరిచేయకండి. కొలత వాళ్లే రాయాలి. మీరు చెప్పదలచుకున్న సంగతి వాళ్లు అడిగేదాకా చెప్పకండి. వాళ్లు అడగకపోతే ఊరుకోండి, వచ్చే ఏడాది అదే రుతువు మళ్లీ వస్తుంది.

ఈ డిసెంబరు 22న ఒక పుల్ల పాతండి. హైదరాబాదులో 30 సెంటీమీటర్ల పుల్లకు మధ్యాహ్నం నీడ దాదాపు 26 రావాలి. రాకపోతే మొదట పుల్ల నిటారుగా ఉందో లేదో చూడండి.